చుక్కల లోకంలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎలా ఉంటారు?

విశాఖలో వింత పిల్లలు

అది 2017వ సంవత్సరం. నవంబరు నెల. విశాఖపట్నంలో ఒకచోట కొత్త భవనం కడుతున్నారు. పని ఇంకా పూర్తి కాలేదు. ఆ భవనంలో ఒక మూల మూడు వింత ప్రాణులు కనిపించాయి.

వాటి ముఖం తెల్లగా ఉంది. కళ్ళు నల్లగా, పెద్దగా ఉన్నాయి. ఒళ్ళు సన్నగా ఉంది. కాళ్ళు పొడుగ్గా ఉన్నాయి. అవి మనుషుల్లాగా నిటారుగా నిలబడి ఉన్నాయి. కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాయి.

ఎవరో సెల్‌ఫోనుతో వీడియో తీశారు. ఆ వీడియో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోయింది. దేశమంతా తిరిగింది. ఇతర దేశాలకూ పోయింది. "ఇవి మన భూమి మీద ప్రాణులు కావు. వేరే లోకం నుంచి దిగాయి" అని కొందరు అన్నారు. కొందరు నమ్మారు. కొందరు భయపడ్డారు.

పక్షుల సంగతి తెలిసినవాళ్ళు ఆ వీడియో చూశారు. అసలు సంగతి చెప్పారు. అవి వేరే లోకం వాళ్ళు కారు. అవి గుడ్లగూబ పిల్లలు! మన పల్లెల్లో చావుపిట్ట అంటారే, ఆ పిట్ట పిల్లలు. వాటికి ఇంకా ఈకలు సరిగా రాలేదు. అందుకే అంత వింతగా కనిపించాయి.

ఆ ముఖం ఎందుకు అలా ఉంది?

చావుపిట్ట ముఖాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చేటలా వెడల్పుగా ఉంటుంది. మధ్యలో కొంచెం లోపలికి ఉంటుంది. ఎందుకో తెలుసా?

దూరంగా ఎవరో పిలిచారనుకోండి. మాట సరిగా వినపడలేదు. అప్పుడు మనం ఏం చేస్తాం? చెవి వెనక చెయ్యి అడ్డం పెడతాం. అప్పుడు మాట బాగా వినపడుతుంది. చావుపిట్ట ముఖం కూడా అలాంటిదే. ఆ ముఖం చప్పుడును పోగుచేసి చెవులకు అందిస్తుంది. పైగా దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి ఉంటాయి. దానివల్ల చప్పుడు పైనుంచి వచ్చిందో, కిందనుంచి వచ్చిందో దానికి తెలిసిపోతుంది. కటిక చీకట్లో కూడా అది చప్పుడును బట్టే ఎలుకను పట్టేస్తుంది.

అంటే ఆ ముఖం మనల్ని భయపెట్టడానికి పుట్టలేదు. చీకట్లో ఎలుకను పట్టడానికి పుట్టింది. మన గింజలు తినే ఎలుకల్ని అది తింటుంది. అది మనకు మేలు చేసే పిట్ట. దాన్ని పట్టడం, చంపడం నేరం. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 ఆ మాట చెబుతోంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఏ ప్రాణి ఒళ్ళయినా అది ఉండే చోటును బట్టి ఉంటుంది. అది చేసే పనిని బట్టి ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. వేరే లోకాల్లో ప్రాణులు ఉంటే ఎలా ఉంటాయో మనమూ ఆలోచించవచ్చు.

చోటు ఒకటైతే తీరు ఒకటే

బొర్రా గుహల్లో గబ్బిలాలు ఉంటాయి. గబ్బిలం ఎగురుతుంది. పిట్ట ఎగురుతుంది. సీతాకోకచిలుక కూడా ఎగురుతుంది. కానీ గబ్బిలం పిట్ట కాదు. అది గుడ్డు పెట్టదు. పిల్లను కంటుంది. పాలిస్తుంది. దాని రెక్క నిజానికి చెయ్యి. పొడుగ్గా పెరిగిన వేళ్ళ మధ్య పలచటి తోలు ఉంటుంది. అదే రెక్క. పిట్ట రెక్క వేరు. సీతాకోకచిలుక రెక్క వేరు. మూడూ మూడు దారుల్లో వచ్చాయి. కానీ గాలిలో తేలాలంటే రెక్క కావాలి. అందుకే మూడింటికీ రెక్కలు వచ్చాయి.

విశాఖ సముద్రంలో డాల్ఫిన్లు ఉన్నాయి. డాల్ఫిన్‌ను చూస్తే చేప అనుకుంటాం. కానీ అది చేప కాదు. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. పిల్లను కని పాలిస్తుంది. ఆవులాగా, మేకలాగా అదీ పాలిచ్చే జీవే. అయినా చేపలాగా ఎందుకు ఉంది? నీటిని చీల్చుకుని పోవాలంటే ఆ తీరే బాగుంటుంది కాబట్టి.

అంటే వేరే లోకంలో నీళ్ళు ఉంటే, ఆ నీటిలో ఈదే ప్రాణి ఉంటే, అది చేపలాగా ఉండవచ్చు. గాలి ఉంటే, ఎగిరే ప్రాణి ఉంటే, దానికీ రెక్కల వంటివి ఉండవచ్చు.

వేరే లోకాలు అంటే ఏవి?

అమావాస్య నాటి రాత్రి ఇంటి బయటకు వచ్చి పైకి చూడండి. మన కొండల్లో దీపాలు తక్కువ. అందుకే పట్నం వాళ్ళకంటే మనకు చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి. గుంపుగా ఉండే పిల్లలకోడి చుక్కలు మీకు తెలుసు కదా! తెల్లటి పాయలాగా కనిపించే పాలపుంత కూడా చూసే ఉంటారు.

ఆ చుక్కలు చిన్నవి కావు. అవి సూర్యుళ్ళు. మన సూర్యుడు కూడా ఒక చుక్కే. దగ్గరగా ఉన్నాడు కాబట్టి పెద్దగా కనిపిస్తాడు. మిగతావి చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి చిన్నగా కనిపిస్తాయి. పాలపుంతలో పదివేల కోట్లకు పైగా ఇలాంటి సూర్యుళ్ళు ఉన్నాయి.

మన సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతోంది. ఇలా సూర్యుడి చుట్టూ తిరిగేదాన్ని గ్రహం అంటారు. మరి ఆ చుక్కల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతాయా? తిరుగుతాయి. మన సూర్యుడి వంటి ఒక చుక్క చుట్టూ గ్రహం ఉందని 1995లో మొదటిసారి తెలిసింది. 2025 నాటికి ఆరు వేలకు పైగా గ్రహాల్ని లెక్కపెట్టారు.

అంత దూరంలో ఉన్న గ్రహం ఎలా తెలుస్తుంది? దూరంగా లాంతరు వెలుగుతోందనుకోండి. దాని ముందునుంచి ఒక పురుగు పోయింది. పురుగు మనకు కనపడదు. కానీ లాంతరు వెలుగు ఒక్క క్షణం కొంచెం తగ్గుతుంది. అలాగే గ్రహం అడ్డం వచ్చినప్పుడు చుక్క వెలుగు కాస్త తగ్గుతుంది. దాన్ని పెద్ద దుర్బిణులతో కనిపెడతారు. చాలా గ్రహాల్ని ఇలాగే కనుక్కున్నారు.

మరి అక్కడ ప్రాణులు ఉన్నాయా? ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. ఇది నిజం. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చందమామ మీద దిగింది. అక్కడ పీల్చుకునే గాలి లేదు. చెట్టు లేదు, చేమ లేదు. మన దగ్గరి గ్రహాల మీద కూడా జీవం జాడ ఇంకా తేలలేదు. కానీ వెదకడం ఆగలేదు.

హైదరాబాదు నుంచి ఎగిరిన బుడగ

వెదికే పని మన హైదరాబాదు నుంచి కూడా జరిగింది. 2005లో అక్కడినుంచి ఒక పెద్ద బుడగను పైకి వదిలారు. అది 41 కిలోమీటర్ల ఎత్తుదాకా పోయింది. విమానాలు ఎగిరే ఎత్తుకు అది మూడు రెట్లకంటే ఎక్కువ. అక్కడ చలి ఎక్కువ. గాలి బహు పలచన. సూర్యుడి నుంచి వచ్చే చెడ్డ కిరణాలు నేరుగా తగులుతాయి. అక్కడి గాలిని డబ్బాల్లో పట్టి కిందికి తెచ్చారు.

హైదరాబాదులోనూ, పుణెలోనూ శాస్త్రవేత్తలు ఆ గాలిని పరీక్ష చేశారు. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటిలో మూడు రకాలు అంతకుముందు ఎవరికీ తెలియనివి. ఈ సంగతి 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి మన పాతకాలపు గణిత పండితుడు ఆర్యభట పేరు పెట్టారు.

అవి భూమి నుంచి పైకి పోయాయా? పైనుంచి వచ్చాయా? పైనుంచే వచ్చాయని చెప్పడానికి రుజువు లేదని శాస్త్రవేత్తలే అన్నారు. తెలిసినంతే చెప్పారు. తెలియనిదాన్ని కల్పించి చెప్పలేదు. ఫోనులో వీడియో పంపినవాళ్ళకూ, శాస్త్రవేత్తలకూ తేడా అదే.

మన భూమి మీద కూడా మొదట పుట్టినవి సూక్ష్మజీవులే. వందల కోట్ల ఏళ్ళు భూమి మీద అవే ఉన్నాయి. చెట్లు, జంతువులు, మనుషులు ఆ తరవాత వచ్చారు. కాబట్టి వేరే గ్రహం మీద జీవం దొరికినా మొదట దొరికేది సూక్ష్మజీవులే కావచ్చు.

బరువు లోకం, తేలిక లోకం

సరే, ఎక్కడో ఒక గ్రహం మీద పెద్ద ప్రాణులు ఉన్నాయనుకుందాం. అవి ఎలా ఉంటాయి?

ముందు బరువు సంగతి చూద్దాం. భూమి అన్నింటినీ తనవైపు లాగుతుంది. అందుకే నెత్తిన కడవ బరువుగా ఉంటుంది. చందమామ తక్కువగా లాగుతుంది. భూమి మీద 60 కిలోలు తూగే మనిషి చందమామ మీద 10 కిలోలే తూగుతుంది. అక్కడ నిండు కడవతో గట్టు ఎక్కినా ఆయాసం రాదు!

భూమికంటే ఎక్కువగా లాగే గ్రహాలు కూడా ఉన్నాయి. రెట్టింపు లాగే గ్రహం మీద 50 కిలోల మనిషి 100 కిలోలు తూగుతుంది. అంటే ఖాళీ చేతులతో నడిచినా వీపున ఇంకో మనిషిని మోస్తున్నట్టే. అలాంటి చోట పొడుగు కాళ్ళు పనికిరావు. పడితే ఎముకలు విరుగుతాయి. అక్కడి ప్రాణులకు పొట్టి కాళ్ళు, లావు కాళ్ళు ఉండవచ్చు. రెండు కాళ్ళు చాలక ఆరో, ఎనిమిదో ఉండవచ్చు. నేలకు దగ్గరగా, తాబేలులాగా ఉండవచ్చు.

తక్కువగా లాగే గ్రహం మీద దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడి ప్రాణులు వెదురులాగా సన్నగా, పొడుగ్గా పెరగవచ్చు.

ఇది ఉత్త ఊహ కాదు. ఏనుగు కాళ్ళు చూడండి. మిడత కాళ్ళు చూడండి. బరువు ఎక్కువైతే కాలు స్తంభంలా ఉండాలి. తేలికైతే పుల్లలా ఉన్నా సరిపోతుంది.

చీకటి లోకం

రెండోది వెలుతురు. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ పేరు యూరోపా. దాని పైన అంతా మంచుగడ్డ. ఆ మంచు కింద పెద్ద సముద్రం ఉందని శాస్త్రవేత్తలు గట్టిగా అనుకుంటున్నారు. దాన్ని దగ్గరనుంచి చూడడానికి 2024 అక్టోబరులో ఒక నౌక బయలుదేరింది. అది 2030లో గురుగ్రహాన్ని చేరాలి.

ఆ సముద్రంలోకి సూర్యుడి వెలుతురు పోదు. ఎండ లేనిచోట ప్రాణులు బతుకుతాయా? ఒకప్పుడు బతకవనే అనుకున్నారు. 1977లో పసిఫిక్ సముద్రం అడుగున ఒక వింత చూశారు. అక్కడ కటిక చీకటి. నేల పగుళ్ళలోంచి వేడి నీళ్ళు వస్తున్నాయి. ఆ వేడి నీళ్ళ పక్కన గొట్టాల వంటి పెద్ద పురుగులు ఉన్నాయి. అవి మనిషంత పొడుగు పెరుగుతాయి. వాటికి నోరు లేదు. కడుపు లేదు! వాటి ఒంట్లో సూక్ష్మజీవులు ఉంటాయి. అవి ఆ నీటిలోని పదార్థాలతో ఆహారం తయారుచేసి పెడతాయి.

నోరు లేకుండా బతికే ప్రాణి మన భూమి మీదే ఉంది. మరి యూరోపా సముద్రంలో ప్రాణి ఉంటే ఎలా ఉంటుంది? బొర్రా గుహలో దీపం ఆరిపోయిందనుకోండి. అప్పుడు మన కళ్ళు పనిచేయవు. గోడ తడుముతాం. చప్పుడు వింటాం. అక్కడి ప్రాణులకు కూడా కళ్ళు ఉండకపోవచ్చు. అవి తాకి తెలుసుకోవచ్చు. చప్పుడుతో తెలుసుకోవచ్చు.

కొన్ని చుక్కలు ఎర్రగా, మసకగా వెలుగుతాయి. వాటికి దగ్గరగా తిరిగే గ్రహాల్లో చాలావాటికి ఒక పక్క ఎప్పుడూ పగలు, ఇంకో పక్క ఎప్పుడూ రాత్రి ఉండవచ్చునని లెక్కలు చెబుతున్నాయి. అక్కడ పొద్దు పొడవదు, పొద్దు గూకదు. ఆ మసక వెలుగును పట్టుకోవాలంటే ఆకులు నల్లగా ఉండవచ్చునని కొందరు శాస్త్రవేత్తలు ఊహించారు. నల్లటి అడవి! కానీ ఆ అడవిలో పుట్టినవాళ్ళు మన పచ్చటి అడవిని చూస్తే వింతపడతారు.

మరి తెలివి సంగతి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తెలివైన ప్రాణి ఎలా ఉంటుంది? సినిమాల్లో ఒక బొమ్మ చూపిస్తారు. పెద్ద తల, పెద్ద కళ్ళు, రెండు కాళ్ళు, రెండు చేతులు. అంటే మనిషినే కొంచెం మార్చి గీశారు. కానీ తెలివి ఆ ఒంట్లోనే ఉండాలని లేదు. మన భూమి మీదే చూడండి.

సముద్రంలో ఆక్టోపస్ అనే ప్రాణి ఉంది. దానికి ఎముకలు లేవు. ఎనిమిది చేతులు ఉన్నాయి. మూడు గుండెలు ఉన్నాయి. దాని రక్తం నీలంగా ఉంటుంది. మనకు ఆలోచన నడిపించే నరాల కణాలు ఎక్కువగా తలలోనే ఉంటాయి. ఆక్టోపస్‌కు ఎక్కువ భాగం చేతుల్లో ఉంటాయి. అంటే దాని చేతులు కూడా ఆలోచిస్తాయన్నమాట! సీసా మూత తిప్పి లోపలున్న పీతను తీసుకుని తింటుంది. గ్రహాంతరవాసి అంటే ఇదే అనిపిస్తుంది. కానీ అది మన సముద్రంలోనే ఉంది.

వలిసె చేలు పూసినప్పుడు తేనెటీగలు చూడండి. ఒక ఈగ పూలను కనిపెడుతుంది. గూటికి తిరిగి వస్తుంది. ఆట ఆడి చూపిస్తుంది. పూలు ఏ వైపు ఉన్నాయో, ఎంత దూరం ఉన్నాయో ఆ ఆటతోనే మిగతా ఈగలకు చెబుతుంది. ఒక్క ఈగకు తెలివి కొంచెమే. గూడంతా కలిస్తే పెద్ద తెలివి. వేరే లోకంలో కూడా తెలివి ఒక్క తలలో కాకుండా గుంపులో ఉండవచ్చు.

కాకిని తీసుకోండి. అమెరికాలో సియాటిల్ అనే నగరంలో కొందరు ఒక ముసుగు పెట్టుకుని కాకుల్ని పట్టి, వదిలేశారు. తరవాత ఏళ్ళ తరబడి ఆ ముసుగు కనపడితే చాలు, కాకులు గోలచేసేవి. ఆ రోజు పట్టుబడని కాకులూ, తరవాత పుట్టిన పిల్లలూ కూడా గోలచేశాయి. అంటే తల్లిని చూసి పిల్లలు నేర్చుకున్నాయి.

ఏనుగుల గుంపుకు పెద్ద ఎవరు? మగ ఏనుగు కాదు. వయసు మళ్ళిన ఆడ ఏనుగు. కరువులో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఆమెకు గుర్తు. గుంపు ఆమె వెంట నడుస్తుంది.

వీటన్నిటినీ బట్టి ఏం తెలుస్తోంది? వేరే లోకంలో తెలివైనవాళ్ళు ఉంటే వాళ్ళకు నాలుగు కావాలి.

ఒకటి. చుట్టూ ఏముందో తెలుసుకోవాలి. కళ్ళతోనో, చెవులతోనో, తాకో.

రెండు. వస్తువును పట్టుకోవాలి. చేయి కావచ్చు, తొండం కావచ్చు, ముక్కు కావచ్చు.

మూడు. నేర్చుకున్నది గుర్తుంచుకోవాలి.

నాలుగు. తెలిసినదాన్ని పక్కవాళ్ళకూ, పిల్లలకూ చెప్పాలి.

ఆక్టోపస్‌కు మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది లేదు. తల్లి ఆక్టోపస్ గుడ్లు పెట్టి వాటి దగ్గరే కాపలా ఉంటుంది. తిండి మానేస్తుంది. పిల్లలు బయటకు వచ్చే వేళకు చచ్చిపోతుంది. పిల్లలకు నేర్పేవాళ్ళు లేరు. ప్రతి పిల్లా మొదటినుంచి తానే నేర్చుకోవాలి. తల్లికి తెలిసినదంతా తల్లితోనే పోతుంది.

మనుషులు అలా కాదు. ఏ దుంప తినాలో, ఏది తినకూడదో అమ్మ చెప్పింది. అమ్మకు అమ్మమ్మ చెప్పింది. చోడి ఎప్పుడు చల్లాలో, ఏ ఆకు ఏ జబ్బుకు వాడాలో అలాగే వచ్చింది. మనిషికి ఎనిమిది చేతులు లేవు. మూడు గుండెలు లేవు. కానీ చెప్పే నోరు ఉంది. చెప్పినది పోకుండా దాచే అక్షరం ఉంది. రాసి పెట్టినది రాసినవాళ్ళు పోయిన తరవాత కూడా మాట్లాడుతుంది.

చుక్కల లోకానికి తెలుగు మాట

మనిషి తన మాటను చుక్కల లోకానికి కూడా పంపాడు. 1977లో అమెరికా రెండు నౌకల్ని ఆకాశంలోకి పంపింది. వాటి పేరు వాయేజర్. ఒక్కోదానిలో బంగారు పూత పూసిన ఒక రికార్డు పెట్టారు. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే మన సంగతి తెలుస్తుందని ఆశ.

అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి. వాటిలో తెలుగు ఒకటి! నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పారు. ఒడియా పలకరింపు కూడా ఉంది. పిల్లకు పాలిచ్చే తల్లి బొమ్మ ఉంది. వాన చప్పుడు ఉంది. మన దేశపు గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది.

2025 నాటికి మొదటి వాయేజర్ 2,500 కోట్ల కిలోమీటర్ల దూరం పోయింది. అక్కడినుంచి కబురు రావడానికి దాదాపు 23 గంటలు పడుతోంది. అయినా అది దగ్గరి చుక్క అంత దూరం పోవాలంటే డెబ్బై వేల ఏళ్ళకు పైగా పడుతుంది. వేరే లోకం వాళ్ళు మన ఊళ్ళో ఎందుకు దిగలేదో ఇప్పుడు అర్థమయిందా? దారి అంత పొడుగు!

మరి ఆ రికార్డులో కువి మాట ఉందా? గదబ మాట ఉందా? కొండ భాష ఉందా? లేవు. ఆ 55 భాషల్లో అవి లేవు. కానీ ఆ మాటలు మన నోట ఉన్నాయి. కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు అక్షరాలతో బడి పుస్తకాలు కూడా వచ్చాయి. మన అవ్వకు తెలిసిన కథ, మందు, మాట మనమే రాసుకోవచ్చు. చుక్కల లోకానికి పోకపోయినా మన మనవరాలికి చేరుతుంది.

ఎదుటివారికి మనమే వింత

చలికాలం వస్తే అరకుకు యాత్రికులు వస్తారు. వలిసె పూలు చూస్తారు. థింసా చూస్తారు. కొందరు మన ఆడవాళ్ళ ముక్కుపుడకలు చూసి వింతగా మాట్లాడుకుంటారు. అడగకుండానే ఫోటో తీస్తారు. వాళ్ళ నల్ల కళ్ళద్దాలు చూసి మన పిల్లలూ నవ్వుకుంటారు. ఎవరికి ఎవరు వింత?

తెలియనిదాన్ని చూస్తే ముందు భయం పుడుతుంది. అది తప్పు కాదు. కానీ భయం దగ్గరే ఆగిపోతే తప్పులు జరుగుతాయి. చావుపిట్ట అరిచిందని దాన్ని కొడతారు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్నే చంపిన ఘటనలు మన ఏజెన్సీలో జరిగాయి. చంపినవాళ్ళు జైలుకు పోయారు. పోయిన ప్రాణం తిరిగి రాలేదు. ఎవరో అన్నారని నమ్మకుండా ఒక్క రోజు ఆగి, ఆలోచించి, అడిగి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి.

వేరే లోకం వాళ్ళు ఎప్పటికైనా కనిపిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. కనిపిస్తే మాత్రం వాళ్ళు మనలాగా ఉండరు. తమ నేలలాగా, తమ నీళ్ళలాగా, తమ వెలుతురులాగా ఉంటారు. వాళ్ళ ముఖం చూసి వాళ్ళు తెలివైనవాళ్ళో కాదో చెప్పలేం. వాళ్ళు ఏం నేర్చుకున్నారో, పిల్లలకు ఏం నేర్పుతున్నారో చూస్తే తెలుస్తుంది.

మనుషుల సంగతీ అంతే.

కొత్త మాటలు

గ్రహం – సూర్యుడి చుట్టూ గానీ, చుక్క చుట్టూ గానీ తిరిగేది. భూమి ఒక గ్రహం.

గ్రహాంతరవాసి – వేరే గ్రహం మీద ఉండే ప్రాణి.

సూక్ష్మజీవి – కంటికి కనిపించనంత చిన్న ప్రాణి.

దుర్బిణి – దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే పరికరం.

మాట్లాడుకోండి

1. విశాఖలో కనిపించిన వింత పిల్లలు ఏవి? జనం ఎందుకు పొరబడ్డారు?

2. మీ ఇంటి చుట్టూ ఉండే ఒక ప్రాణిని చూడండి. దాని కాళ్ళు, నోరు, కళ్ళు అలా ఎందుకు ఉన్నాయి?

3. నీళ్ళు మాత్రమే ఉన్న ఒక లోకాన్ని అనుకోండి. అక్కడి ప్రాణి బొమ్మ గీయండి. ఎందుకు అలా గీశారో అందరికీ చెప్పండి.

4. మీ అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక సంగతి ఐదు వాక్యాల్లో రాయండి. రాసినది మీ పిల్లలకు చదివి వినిపించండి.